మారతాడు

ఇరవై రెండేళ్లుగా గుణుపురం సంఘానికి
మినిట్స్ రాస్తున్నాను.
నీలం అట్టల పుస్తకాలు ఐదు నిండాయి.
నా దస్తూరీ ముత్యాలని పాత అయ్యగారు అనేవారు.

దానికో భాష ఉంటుంది.
"పైకప్పుకు కొత్త రేకులు వేయడమైనది.
క్రిస్మస్ నక్షత్రానికి నూట అరవై ఖర్చు చేయడమైనది.
సహోదరి సుగుణమణి విషయమై ప్రార్థించడమైనది."
ఎవరు చేశారో ఉండదు.
దానంతటదే అయిపోయినట్టు ఉంటుంది,
వేసవిలో వంశధార నీళ్లు దిగిపోయినట్టు.

మొదటిసారి ఆమె వచ్చింది మట్టల ఆదివారం మర్నాడు.
పెదవి చీలి ఉంది. బావి గట్టున జారానంది.
మేం నలుగురు పెద్దలం, టీ తాగుతున్నాం.
జారితే పెదవి ఒక్కటే ఎలా చీలుతుందని
ఎవరమూ అడగలేదు.
ఏలియా మంచివాడు కదా,
వరదొచ్చినప్పుడు ముగ్గురు ముసలాళ్లను వీపున మోసుకొచ్చాడు,
కానుకల సంచిలో పైసా తేడా రానివ్వడు.
"మారతాడమ్మా" అన్నాను.
ఆ మాట నాదే. ఇంకెవరి మీదా పెట్టను.

రెండోసారి ఎడం చెయ్యి.
"ప్రార్థనలో పెడదాం. మారతాడు."
మూడోసారి ఆమె ఏమీ చెప్పలేదు.
వెనక బెంచీలో కూర్చుని
పాటల పుస్తకం తెరవకుండానే వెళ్లిపోయింది.
దాన్ని నేను హాజరు కింద రాసుకున్నాను.

నాలుగోసారి మా దగ్గరికి రాలేదు.
బల్ల రొట్టె కాల్చే కెజియమ్మ
రాత్రి పదింటికి నా తలుపు కొట్టింది.
"నీకు ఒరియా రాయడం వచ్చు కదా, చొక్కా వేసుకో."

ఠాణాలో కరెంటు లేదు.
ఎస్సై చిన్నపిల్ల, బరంపురం వైపు మనిషి,
ఫోను వెలుగులో కాగితం పెట్టుకుని అడిగింది:
"కియే మారిలా?"
సుగుణమణి నావైపు చూసింది.

మారిలా.
బజార్లో, రైల్లో, రేషను లైన్లో
నలభై ఏళ్లుగా వింటున్న మాటే.
కొట్టాడు అని.
మారిబ అంటే, కొడతాడు.
తొమ్మిదేళ్లుగా నేనిచ్చిన ఓదార్పును
ఈ ఊరి రెండో భాషలో విన్నా సరిపోయేది.

కాగితం మీద "అయినది" పనికిరాదంది ఆ పిల్ల.
ఎవరు, ఎవరిని, దేనితో.
ఏలియా అని రాశాను.
బెల్టు అని రాశాను, ఆదివారం కట్టుకొచ్చేదే.
నా ముత్యాలు వంకర పోయాయి.

తర్వాతది గొప్పగా చెప్పుకునేది కాదు.
రెండు కుటుంబాలు సంఘం మానేశాయి.
కానుకల సంచి అతని చేతిలోంచి తీసుకోడానికి
మూడు మీటింగులు పట్టింది, ఒకాయన బల్ల గుద్దాడు.
గుడి వెనక గదిలోంచి
నక్షత్రాన్నీ విరిగిన హార్మోనియాన్నీ బయట పెట్టించి
కెజియమ్మ మంచం వేయించింది, లోపలివైపు గడియ పెట్టించింది.
తాళంచెవి పెద్దల దగ్గర ఉండకూడదు. అది ఆమె షరతు.
"లోబడియుండుడి" వచ్చిన ఆదివారం అయ్యగారు
పురుషులకు చెప్పిన కింది వచనం కూడా చదివి
చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.
ఆ గదిలో ఇప్పటికి ఇద్దరు పడుకున్నారు.
ఒకామె మన సంఘం కాదు.
బొట్టుతో వచ్చింది, బొట్టుతోనే వెళ్లింది.

సుగుణమణి గుడికి రావడం లేదు.
రమ్మని నేను అడగలేదు.

మొన్న వచ్చింది. కేసుకి పాత మినిట్స్ కావాలట.
నాలుగో పుస్తకం ఇచ్చాను.
వేలు పెట్టి చదువుకుంటూ పోయి
"నచ్చజెప్పిన మీదట ఇంటికి వెళ్లడమైనది" దగ్గర ఆగింది.
"నానెల్లనేదు బాబూ," అంది.
"నువ్వంపినావు."

పాత అక్షరాల్ని ముట్టుకోలేదు.
పక్కన మార్జిన్లో, ఇవాళ్టి తేదీ వేసి,
పంపాను అని రాశాను.
ఇంకు ఆరేదాకా ఆమె అక్కడే నిలబడింది.